అమ్మ నీళ్ళడిగిందా

రత్నకుమారికి పిడుగంటే భయం. కొత్తగా కొన్న ప్రెషర్ కుక్కరంటే భయం. టెలిగ్రాం బంట్రోతు సైకిలు దిగితే, అది పక్కింటి గేటు దగ్గరైనా సరే, భయం. ఇవన్నీ మూటగట్టి తక్కెడలో ఒక పళ్ళెంలో పెట్టి, మోటారు బండి మీద ఆమెకున్న భయాన్ని రెండో పళ్ళెంలో పెడితే, మొదటిది గాల్లోకి లేచిపోతుంది. గుంటూరులో బి.ఏ. దాకా చదివిన పిల్లకి ఇదేం భయమని పుట్టింటివాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ భయం మీద ఒక ఇన్సూరెన్స్ కంపెనీ లేచి నిలబడుతుందని వాళ్ళెవరూ అనుకోలేదు. ఆమె అసలే అనుకోలేదు.

భర్త గంగాధరరావు సికింద్రాబాదులో ఒక పెద్ద ఇన్సూరెన్స్ కంపెనీలో గుమాస్తా. ఆ కంపెనీ పెద్దలకి నిగనిగలాడే కార్లంటే ప్రేమ. నాచారం క్వారీల నుంచి రాళ్ళు మోసే లారీలూ, ఉప్పల్ అడ్డా మీది టాక్సీలూ కనబడితే ముక్కు చిట్లించేవాళ్ళు. యాభైతొమ్మిదిలో ఒకరోజు ఆయన ఆ ఉద్యోగానికి దండం పెట్టి ఇంటికొచ్చి, "మనమే ఒకటి పెడదాం" అన్నాడు. రత్నకుమారి అప్పుడు గోంగూర నూరుతోంది. ఏ మందుల దుకాణమో అనుకుని సరేనంది.

ఆయనకి తోడు దేవసహాయం. మెదక్ వైపు నుంచి వచ్చి నాచారంలో స్థిరపడిన మనిషి. రాళ్ళ లారీల యజమాని, ఆదివారం చర్చిలో అందరికంటే గట్టిగా పాడే గొంతు. ఆయన మాట మీద లారీలవాళ్ళు చేరారు, లారీలవాళ్ళని చూసి టాక్సీలవాళ్ళు చేరారు. ఒకరి బండికి దెబ్బ తగిలితే అందరూ తలా కొంత మోసే ఏర్పాటు. పేరు 'అభయ మోటార్ మ్యూచువల్'. ఆఫీసు రత్నకుమారి ముందు గది. బోర్డు కట్టిన రోజున ఆమె గేటు బయట నిలబడి ఆ పేరు చదివి, లోపలికి వెళ్ళి తలుపు గడియ వేసుకుంది.

మొదటి వానాకాలంలోనే కంపెనీ మునగబోయింది. బండి వెనక బండి గుంతలో పడింది, చెట్టుకు గుద్దుకుంది. గంగాధరరావు గడ్డం గీసుకోవడం మానేసి, పడిన బండ్లన్నిటికీ ఏమిటి పోలిక అని ఆలోచించసాగాడు. ఒక రాత్రి అన్నం ముందు కూర్చుని పెళ్ళాం మొహంకేసి అదోలా చూశాడు.

"ఈ బండ్లన్నిటిలోనూ నువ్వు ఎప్పుడో ఒకప్పుడు ఎక్కావు రత్నం. దిగగానే నీళ్ళడిగావు."

"దాహమేస్తే అడగనా?"

"పక్కింటి శాంతమ్మగారి అల్లుడి టాక్సీలో ఉప్పల్ వెళ్ళొచ్చి అడగలేదు. ఆ టాక్సీకి గీత కూడా పడలేదు."

అది కాకతాళీయం అని ఆమె అంది. ఆయన వినలేదు. ఆ వారం నుంచే కంపెనీలో ఒక పద్ధతి మొదలైంది. పాలసీ కావాలన్నవాడు తన బండి తేవాలి, రోజూ నడిపేవాడే నడపాలి, రత్నకుమారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని నాచారం నుంచి ఉప్పల్ దాకా వెళ్ళి తిరిగి రావాలి. ఆమె ఏమీ మాట్లాడక్కర్లేదు. బండి దిగి, వరండా మెట్టు మీద కూర్చుని నీళ్ళడిగితే పాలసీ లేదు. అడక్కుండా వంటింట్లోకి వెళ్ళిపోతే ఉంది.

ఈ పరీక్ష ఎప్పుడూ పదకొండింటికే. ఆయన భోజనం అయ్యి, పిల్ల బడికి వెళ్ళాక, మధ్యాహ్నం నల్లా నీళ్ళు రాకముందు. ఇల్లు చూసుకునే మనిషికి దొరికే సందు అదొక్కటే. దాన్ని గురించి ఎవరూ రెండోసారి ఆలోచించలేదు.

చిత్రం ఏమిటంటే పద్ధతి పనిచేసింది. ఉప్పల్ అడ్డా మీద డ్రైవర్లు ఒకరినొకరు "ఎట్లున్నవ్" అని అడగడం మానేసి "ఏందిరా, అమ్మ నీళ్ళడిగిందా?" అని అడగసాగారు. కంపెనీ ముందు గదిలోంచి పక్క గదిలోకి పాకింది. టైపు మిషను వచ్చింది. కాప్రా రైతుల జీపులూ, లాలాపేట్ రైల్వే వాళ్ళ స్కూటర్లూ వచ్చాయి. స్కూటరు వెనక కూర్చున్న ప్రతిసారీ రత్నకుమారి మనసులోనే వీలునామా రాసుకునేది. హబ్సిగూడ నుంచి ఒక సైంటిస్టు కారు తెచ్చి, "మీరు ఏ ప్రాతిపదిక మీద నిర్ణయిస్తారండీ?" అని గౌరవంగా అడిగాడు. "దాహం" అంది ఆమె. ఆయన తల పంకించి మరేం అడగలేదు.

ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నడిపి చూపించినా పాలసీ దక్కనివాడు ఒక్కడే. కంపెనీ పెట్టిన దేవసహాయం. మిలిటరీవాళ్ళు అమ్మేసిన పాత జీపు ఒకటి ఆయనకుంది. దాన్ని ఆయన నడపడు, ఉసిగొల్పుతాడు.

"అక్కా, గీ పారి జర సల్లగ నడిపిన గదా."

"దేవసహాయం, ముందు నీళ్ళు తాగనీ."

*

అరవై ఎనిమిదిలో బసవరాజు వచ్చాడు. నాచారంలో సీసాల ఫ్యాక్టరీ ఆయనది. జహీరాబాదు మనిషి, మెత్తగా మాట్లాడతాడు, కుర్చీ అంచున కూర్చుంటాడు. ఫ్యాక్టరీ లారీలూ, కార్లూ, కొత్తగా కొన్న వ్యానూ అన్నీ అభయకే ఇస్తానన్నాడు. అన్నీ కలిపి ఇస్తాడట, లేకపోతే ఒక్కటీ ఇవ్వడట. ఆ వ్యాను కాలనీ పిల్లల్ని ఉప్పల్లో బడికి తీసుకెళ్ళి తీసుకొచ్చేది. రత్నకుమారి ఒక్కగానొక్క కూతురు సూర్యకళ, ఐదో తరగతి, అందులోనే వెళ్ళాలి.

వ్యాను డ్రైవరు శాంతయ్య. ఫ్యాక్టరీ బట్టీ దగ్గర పనిచేసి, డ్రైవింగు నేర్చుకుని పైకొచ్చినవాడు. ఆ పదకొండింటి ఎండలో అతను బండి నడిపిన తీరుకి రత్నకుమారి ముందు సీటు కడ్డీ మీంచి చెయ్యి తీసేసింది. ఆవుల్ని తప్పించాడు, గుంతల్ని తప్పించాడు, క్వారీ మలుపు దగ్గర హారన్ కొట్టాడు. ఆ మలుపుకి గోడ లేదు. రోడ్డు అంచు కిందనే పాత క్వారీ గుంత, నిండా పచ్చటి నీళ్ళు. లోతెంతో ఎవరికీ తెలియదు.

తిరిగి వచ్చేటప్పుడు చింతచెట్ల వరస కిందికి వచ్చారు. ఎండలోంచి ఒక్కసారిగా నీడ. శాంతయ్య బండిని నడక కన్నా నెమ్మది చేశాడు. గడ్డం పైకెత్తాడు. పెదాలు కదిలాయి. స్టీరింగు మీద ఒక చెయ్యి కాస్త ముందుకు జరిగింది, ఏదో తడుముతున్నట్టు. నీడ దాటగానే అంతా మామూలే.

రత్నకుమారి గొంతు ఎండిపోయింది. ఎందుకో తెలియలేదు. ప్రార్థన చేసుకున్నాడేమో, మంచిదేగా అనుకుంది. గొంతు మాత్రం తడవలేదు.

వరండాలో బసవరాజు కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. గంగాధరరావు కొత్త చొక్కా తొడుక్కున్నాడు. ఆయన కళ్ళు ఏమీ అడగలేదు. అడగకపోవడమే ఎక్కువైంది. రత్నకుమారి మెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగి, నాలుకతో పెదాలు తడుపుకుని, సరాసరి వంటింట్లోకి నడిచింది. తలుపు వారగా వేసి, బిందె దగ్గర నిలబడి, చప్పుడు కాకుండా చెంబుడు నీళ్ళు తాగింది.

బయట గంగాధరరావు నవ్వు వినిపించింది. ఆయన అంత గట్టిగా నవ్వడం పెళ్ళయ్యాక ఆమె వినడం అదే మొదలు.

*

డిసెంబరు వచ్చింది. బళ్ళో క్రిస్మసు నాటకానికి రిహార్సల్సని పిల్లల్ని ఆలస్యంగా వదులుతున్నారు. సూర్యకళ అందులో దేవదూత. వ్యాను చీకటి పడుతుండగా వచ్చేది. సూర్యకళ దిగేటప్పుడు ఎప్పుడూ ముసిముసిగా నవ్వుతూ దిగేది. బాగా అలవాటైందిలే అనుకుంది రత్నకుమారి.

ఆ సాయంత్రం వరండాలో గంగాధరరావూ బసవరాజూ టీ తాగుతున్నారు. సికింద్రాబాదులో శాఖ తెరిచే మాట నడుస్తోంది. పెరట్లో వడియాలు ఎత్తి, పడమటి వెలుగు కళ్ళలో పడుతుండగా రత్నకుమారి డబ్బా కోసం సామాన్ల గదిలోకి అడుగుపెట్టింది. ఏమీ కనబడలేదు. గడ్డం పైకెత్తింది. ఒక చెయ్యి ముందుకు చాచి, పెదాలు కదుపుతూ, మొదటి అర, రెండో అర అని గొణుక్కుంటూ తడుముకుంది.

చెయ్యి అక్కడే ఆగిపోయింది.

ఈ గడ్డం, ఈ చెయ్యి, ఈ పెదాలు తను ఇంతకుముందు చూసింది. వెనక సీట్లోంచి, చింతచెట్ల కింద.

అది ప్రార్థన కాదు. అతనికి కనబడలేదు. ఎండలోంచి నీడలోకి వస్తేనే కనబడనివాడికి, పొద్దుగూకితే ఏం కనబడుతుంది? రేచీకటి. పదకొండింటికి పరీక్ష పెట్టే కంపెనీకి రేచీకటి ఎలా తెలుస్తుంది? నూరేళ్ళు పెట్టినా తెలియదు.

వడియాల చాట చేతిలోనే ఉంది. వరండాలోకి వచ్చి చెప్పింది.

"శాంతయ్యకి చీకట్లో కళ్ళు కనబడవు. పిల్లలు దార్లో ఉన్నారు."

బసవరాజు కప్పు కింద పెట్టాడు. "ఎవరు చెప్పారమ్మా?"

"ఎవరూ చెప్పలేదు."

గంగాధరరావు లేచి మెల్లగా దగ్గరికొచ్చాడు. "రత్నం, నీకు భయం మామూలే కదా. శాంతయ్య బండి నువ్వు ఎక్కావు. నువ్వు నీళ్ళడగలేదు."

ఆ మాటకి జవాబు వంటింట్లో బిందె పక్కన ఉంది. పడమట ఆకాశం ఇంకా కాస్త పసుపుగా ఉంది. చూస్తుండగానే ఆ పసుపు తగ్గుతోంది. బసవరాజు కారు ఆయన భార్యని దవాఖానాకి తీసుకెళ్ళింది, ఇంకా రాలేదు. వీధిలో దడదడమంటూ ఒక్కటే బండి వచ్చి ఆగింది. ఒక లైటు వెలుగుతోంది, రెండోది ఎప్పుడో పోయింది.

"ఏంది అక్కా, చాటతోటి నిలబడ్డవ్?" అన్నాడు దేవసహాయం.

రత్నకుమారి చాటని భర్త చేతిలో పెట్టి జీపెక్కింది. ఎక్కాక గాని ఎవరి బండెక్కిందో తెలియలేదు. తెలిశాక కూడా దిగలేదు.

"ఉప్పల్ రోడ్డు. తొందరగా."

దేవసహాయం ఆమె మొహం చూశాడు. తొందరగా పొమ్మని ఈ మనిషి నోట వినడం ఆయనకి కొత్త. ఆయన జీపుని ఉసిగొల్పాడు.

ఆ దారి పొడుగునా రత్నకుమారి కడ్డీ పట్టుకోలేదు. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని రోడ్డు చూస్తోంది. చింతచెట్ల కింద అప్పటికే రాత్రి. దారిలో వ్యాను లేదు. ఎదురొచ్చిన ఎడ్లబండివాణ్ణి అడిగితే, "ఏ వ్యాను గానరాలేదమ్మా" అన్నాడు. అంటే క్వారీకి అవతలే ఉండాలి. లేదా క్వారీలో ఉండాలి.

మలుపు దగ్గర జీపు ఆపించి దిగింది. గుంత అంచుకెళ్ళి తొంగి చూసింది. నల్లటి నీళ్ళు, కదలడం లేదు. కదలనందుకు ఏ దేవుడికో దండం పెట్టుకుంది.

అప్పుడు ఉప్పల్ వైపు నుంచి రెండు దీపాలు కనబడ్డాయి. నెమ్మదిగా వస్తున్నాయి. ఒకసారి ఇటు వంగి, ఒకసారి అటు వంగి, తాగినవాడు తాగనట్టు నడిచినట్టుగా.

"దేవసహాయం, నీ లైటు ఆపు."

"చీకట్ల ఎట్లనే అక్కా? లైటు చూస్తేనే గద ఆగుతడు."

"ఎదురు వెలుగు కళ్ళల్లో పడితే ఆ కాస్త కూడా కనబడదు. ఆపు."

లైటు ఆరింది. చీకటి మీద పడ్డట్టయింది. వ్యాను ఇంజను చప్పుడు దగ్గరైంది. దాంతోపాటు ఇంకో చప్పుడు. పిల్లలది. పాట కాదు, నవ్వూ కాదు. ఒక్క గొంతు పైకి వినబడుతోంది, తక్కినవి గుసగుసలు.

"ఎడమకి. ఇంకా ఎడమకి. సక్కగ. సక్కగనే పో శాంతయ్య మామా. రాయి ఉంది, జర కుడికి."

సూర్యకళ గొంతు.

రత్నకుమారి నోరు తెరిచింది. అరిచి ఆపాలి. దేవసహాయం కూడా అరవబోయాడు. ఆమె చటుక్కున ఆయన భుజం పట్టుకుంది. ఆ బండికి ఇప్పుడు కళ్ళు ఆ పిల్ల గొంతులో ఉన్నాయి. తను అరిస్తే గొంతులు కలిసిపోతాయి. శాంతయ్య ఇటు తిరుగుతాడు. ఇటు గుంత ఉంది.

"అరవకు" అంది చెవిలో. "దాటనీ."

పుట్టి బుద్ధెరిగాక ఆమె భయపడినప్పుడల్లా ఏదో ఒకటి చేసింది. కడ్డీ పట్టుకుంది, కళ్ళు మూసుకుంది, నీళ్ళు తాగింది. ఇప్పుడు ఏమీ చెయ్యకుండా నిలబడాలి. పైట చెంగు నోట్లో కుక్కుకుని నిలబడింది.

"మలుపొచ్చింది మామా. హారన్ గొట్టు. తిప్పు. ఇంకా తిప్పు. ఇంకా. ఆగు, ఆగు, ఎక్కువైంది."

వ్యాను ఆగింది. ముందు చక్రం కింద మట్టి పెళ్ళ ఒకటి విరిగి జారింది. అది నీళ్ళని తాకిన చప్పుడు చాలాసేపటికి వినబడింది. ఎవరో చిన్నపిల్ల ఏడుపు మొదలుపెట్టి, ఎవరో నోరు మూసినట్టు ఆపేసింది.

"ఏం కాదు," అంది సూర్యకళ గొంతు, దేవదూతలాగే. "వెనక్కి రా మామా. సక్కగ. ఇప్పుడు కుడికి తిప్పు. ఇగ పో."

బండి వెనక్కి కదిలింది. మళ్ళీ ముందుకొచ్చింది. మలుపు దాటింది. వాళ్ళని దాటి పదడుగులు వెళ్ళాక రత్నకుమారి నోట్లోంచి చెంగు తీసి, మామూలుగా, ఇంటికి ఆలస్యమైందేమని అడిగే గొంతుతో, "సూర్యా, ఆపమను" అంది.

*

దిగిన పిల్లలు వరసగా నిలబడ్డారు. సూర్యకళ తలొంచుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"రిహార్సల్సు మొదలైనప్పటి నుంచి. కండ్ల ఆట అమ్మా. ముందు సీట్ల కూర్చున్నోళ్ళు కండ్లు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టేసుకున్నం. మస్తుగుంటది. ఇయ్యాల మాత్రం మంచిగ లేకుండె." ఇక ఆపుకోలేక తల్లి నడుం చుట్టేసింది. దేవదూత వణుకుతోంది.

శాంతయ్య తలుపు పట్టుకుని నిలబడ్డాడు. గొంతు ఎటు వినబడితే అటు మొహం తిప్పుతున్నాడు.

"పగటిపూట నా కండ్లు గద్ద కండ్లమ్మా. పొద్దుగూకితేనే గిట్ల. చెప్తే పని వోతదని చెప్పలే."

"ఆ రోజు నన్ను తీసుకెళ్ళినప్పుడైనా చెప్పకపోయావా?"

"మీరు నీళ్ళడుగుతరనే అనుకున్న. చెట్ల కింద నా సంగతి మీకు ఎరుకైందనుకున్న. అడిగితే మళ్ళ బట్టీ పనికి పోదామని మనసు గట్టిజేసుకున్న. మీరు అడగలే. దేవుడే నడుపుమన్నడనుకున్న."

దేవసహాయం జేబులు తడుముకుంటూ లేని బీడీ కోసం వెతికాడు.

"నడిచిపోదాం" అంది రత్నకుమారి చివరికి.

వ్యాను అక్కడే ఉండిపోయింది. రత్నకుమారి ముందు నడిచింది, ఒక చేతిలో సూర్యకళ. వెనక పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని. మధ్యలో శాంతయ్య, అటొక పిల్ల ఇటొక పిల్ల. అందరికంటే వెనక దేవసహాయం జీపు, ఒంటి లైటుతో వాళ్ళ ముందు దారి చూపిస్తూ. పిల్లల వెనక నడపాల్సి వచ్చేసరికి ఆ జీపు ఎద్దు బండిలా నడిచింది. ఒక్కసారి కూడా అదరలేదు. రత్నకుమారి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది, ఇది అదే జీపేనా అని.

ఇంటి దగ్గర వీధంతా జనం. తల్లులు పిల్లల్ని లాక్కున్నారు. గంగాధరరావు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు, చాట ఇంకా చేతిలోనే ఉంది. బసవరాజు వరండాలో నిలబడి ఉన్నాడు. శాంతయ్యని చెయ్యి పట్టుకుని తెస్తున్న పిల్లల్ని చూశాక, ఆయన్ని ఎవరూ ఏమీ అడగక్కర్లేకపోయింది.

రత్నకుమారి వచ్చి వరండా మెట్టు మీద కూర్చుంది. వంటింటి వైపు చూడలేదు. వీధంతా వినబడేలా, "నీళ్ళు" అంది.

గంగాధరరావు కదలకుండా ఒక్క క్షణం నిలబడ్డాడు. ఫ్యాక్టరీ బండ్లూ, సికింద్రాబాదు శాఖా, ఆ శాఖకి రాయించాలనుకున్న బోర్డూ ఆ క్షణంలోంచి వరసగా వెళ్ళిపోయాయి. ఆయన చాట కింద పెట్టి లోపలికి వెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి తనే ఇచ్చాడు.

"శాంతయ్యకి పగటి పని చూడండి" అంది ఆమె బసవరాజుతో. "కళ్ళు దవాఖానాలో చూపించండి. మీ బండ్లు మా కంపెనీకి ఇస్తారో మానేస్తారో మీ ఇష్టం."

బసవరాజు వచ్చి మెట్టు మీద, ఆమెకి కాస్త దూరంగా కూర్చున్నాడు. ఆయన అంచున కాకుండా నిండుగా కూర్చోవడం ఎవరూ చూసి ఉండలేదు.

రత్నకుమారి సగం చెంబు తాగి ఆగింది. దేవసహాయం జీపు దిగొచ్చి ఆ చెంబు వైపే చూస్తున్నాడు. చూసి చూసి ఇక ఉండబట్టలేక అడిగాడు.

"అక్కా, మిగిలిన నీళ్ళు నా జీపుకేనా?"

ఆమె చెంబు పక్కన పెట్టి పైటతో మూతి తుడుచుకుంది.

"రేపు రా, చూద్దాం" అంది. "పదకొండింటికి కాదు. చీకటి పడ్డాక."